వెనక్కి పిలవని గైడమ్మ

సింగపూరులో మా క్లెమెంటి ఫ్లాటులో, హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద ఒక పెద్ద ఫోటో కనబడుతుంది. అటూ ఇటూ ఆకాశాన్ని మింగేసిన సున్నపురాతి గోడలు. ఆ రెంటి మధ్య సందులో ఇద్దరు ఆడవాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకుని, రెండో చేతులు బారజాపి, చెరొక కొండనూ ముట్టుకుని పకపకా నవ్వుతుంటారు. ఒకావిడ మా ఆవిడ విమల. రెండో ఆవిడ మరీనా అనే గైడు. ఆ రెండో ఆవిడ నిలబడ్డ చోట నిలబడవలసినవాణ్ణి నేను. నేను లేను. ఎందుకు లేనో చెప్పమంటే ఇన్నేళ్ల తరవాత కూడా నాకు చెవులు ఎర్రబడతాయి. సిగ్గుతో కాదండీ, కోపంతో. చదివాక తప్పు ఎవరిదో మీరే తేల్చండి. నాదని మాత్రం తేల్చకండి.

పై అంతస్తులో ఉండే ఖలీల్ భాయి, హైదరాబాదు మనిషి, మా ఇంటికి వచ్చినప్పుడల్లా చాయ్ కప్పు చేతిలో పట్టుకుని ఆ ఫోటో ముందు నిలబడతాడు. "అరె భాయ్, గంత దూరం పొయ్యి, పైసలు వెట్టి, ఫోటోల నువ్వే లేవేంది?" అంటాడు. జవాబు ఆయనకు తెలుసు. అయినా అడుగుతాడు. అడిగి, మా ఆవిడ వైపు తిరుగుతాడు. ఆమె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి మొదలుపెడుతుంది. ఆమె చెప్పే కథలో నేను వెర్రివెంగళప్పని. కాబట్టి అసలు కథ నేనే రాసి పెట్టడం మంచిదనిపించింది.

ముందు మా కొట్టు సంగతి చెప్పాలి. నరసరావుపేటలో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. నేను బడిలో కంటే ఆ కొట్టు అరుగు మీదే ఎక్కువ చదువుకున్నాను. బేరం చేసేవాడి మొహం చూసి మోసపోవద్దనేవాడు నాన్న. ఆయన కళ్లు ఎప్పుడూ కాళ్ల మీదే ఉండేవి. కొనే ఉద్దేశం లేనివాడు గుమ్మం దిగి విసవిసా వెళ్లిపోతాడట. కొనేవాడు మాత్రం దిగి, చెప్పు సర్దుకుంటాడు, గొడుగు విప్పి మళ్లీ ముడుస్తాడు, పక్క కొట్టు బోర్డు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు. ఆ బోర్డు చదవడం పూర్తయ్యేలోపు పిలవాలి. పిలిచిన క్షణాన ధర తగ్గుతుంది. పిలవకముందే అవతలివాడు తల తిప్పి చూశాడా, ఇక కొట్టువాడిదే రాజ్యం. అమ్మేవాడి వైపు నుంచి ఈ విద్య నేర్చుకున్న నేను, పెరిగి పెద్దయ్యాక కొనేవాడి వైపు నుంచి వాడుకున్నాను. వెళ్లిపోవాలి. వెనక్కి చూడకూడదు. పిలుస్తారు. పిలిచి తీరతారు.

ఇలాంటి విద్య ఉన్నవాణ్ణి విధి తీసుకొచ్చి సింగపూరులో పడేసింది. ప్రతి వస్తువు మీదా ధర ముద్రించిన ఊరు. వంకాయకు కూడా చీటీ అంటిస్తారు. కంప్యూటరు ముందు నిటారుగా కూర్చోగలిగిన ప్రతివాడికీ ఉద్యోగం దొరుకుతున్న రోజులవి. నాది ఒక అమెరికా బ్యాంకు పని. వాళ్లు నిద్ర లేచేసరికి మేము పడుకోవాలి గనక, మేము పడుకునేవాళ్లం కాదు. విమలకు ఊరి చివర బూన్ లే దాటి ఎక్కడో టెస్టింగు ఉద్యోగం. నేను లిఫ్టు దిగుతుంటే ఆమె ఎక్కేది. కొత్తగా పెళ్లయినవాళ్లం, లిఫ్టు తలుపులు మూసుకునే లోపల మాట్లాడుకునే మాటలతో కాపురం నడిపేవాళ్లం. "పాలు లేవు," "బియ్యం నానబెట్టా," ఇవే మా ప్రణయ సంభాషణలు.

అలా ఉండగా వాళ్ల ఆఫీసులో ఎవరో తెచ్చిన క్యాలెండరులో ఒక బొమ్మ చూసింది విమల. గ్రీసు దేశంలో, క్రీట్ దీవిలో ఒక కొండ చీలిక. పైనుంచి సముద్రం దాకా ఆ చీలిక అడుగునే నడుచుకుంటూ దిగాలి. ఒకచోట రెండు కొండలూ ఎంత దగ్గరికి వస్తాయంటే, ఇద్దరు చేయీ చేయీ పట్టుకుని రెండో చేతులు చాపితే అటూ ఇటూ కొండ అందుతుంది. క్యాలెండరులో ఒక జంట అలాగే నిలబడి ఉన్నారు. ఒక్క మనిషికి అందదు. అదే ఆమెకు నచ్చింది.

"మనం అక్కడ అలా ఒక ఫోటో దిగాలండీ," అంది.

"సున్నపురాయి చూడటానికి సముద్రాలు దాటాలా? పిడుగురాళ్లలో మా మేనమామకు సున్నపు బట్టీయే ఉంది. రాయి మామూలుగా ఉన్నప్పుడూ చూడొచ్చు, కాలుతున్నప్పుడూ చూడొచ్చు."

"మీ మేనమామ బట్టీ ముందు నా చేయి పట్టుకుని ఫోటో దిగుతారా?"

నేను మా మేనమామను తలుచుకున్నాను. టికెట్లు కొన్నాను.

కొన్నాక ఆమె ఒక షరతు పెట్టింది. ఆ నడక రోజున, ఒక్క రోజంటే ఒక్క రోజు, నేను ఎవరితోనూ బేరం ఆడకూడదు. ఆ రోజు ఫోను ఉండదు, బ్యాంకు ఉండదు, బేరం ఉండదు, ఆమె పక్కన నడవడం తప్ప నాకు వేరే ఉద్యోగం ఉండదు. పెళ్లయ్యాక అలాంటి రోజు ఒక్కటైనా వచ్చిందా అని అడిగింది. రాలేదు. చేతిలో చేయి వేశాను. వేసే ముందు, మధ్యాహ్నం దాకా ఆడుకోవచ్చా అని ఒక్కసారి అడిగి చూశానన్న మాట నిజమే. కుదరలేదు.

నడకకు బూట్లు కావాలి. టోవా పాయోలో ఒక చీనా అంకుల్ కొట్టుకు వెళ్లాం. షరతు ఇంకా అమల్లోకి రాలేదు కదా, ఆయనతో తనివితీరా ఆడాను. చివరికి విమల చేయి పట్టుకుని, "పద, ఇంకోచోట చూద్దాం," అని గుమ్మం దాటాను. మా ఇద్దరికీ ఇది బాగా అలవాటైన నాటకం. నేను విసురుగా నడుస్తాను, ఆమె అయిష్టంగా వెనక వస్తుంది. పక్క కొట్టు దగ్గర గొడుగు సర్దుకుంటుండగా వినిపించింది: "ఓకే లా, కమ్ బ్యాక్ లా." ఆ మాట వింటే నాకు మా నాన్న కళ్ల ముందు కనిపించాడు. తిరిగి వెళ్లి చూస్తే ఆ ధరకు ఉన్నది ఒక్కటే జత, నా కాలికి ఒక సైజు తక్కువ. వేళ్లు తగులుతున్నాయా అని విమల అడిగింది. తోలు సాగుతుందన్నాను. తోలు సాగలేదు. ఆ సంగతి కాసేపట్లో వస్తుంది.

ఇక క్రీట్. తెల్లవారుతూనే బస్సు మమ్మల్ని కొండ నెత్తిన దింపింది. అక్కడ ఒకే ఒక చిన్న కొట్టు. కెమెరాలో ఒక్క రీలే ఉంది, ఇంకోటి కొందామంది విమల. కొట్టువాడు చెప్పిన ధరకు ఊళ్లో మూడు వస్తాయి. ఇచ్చిన మాట ప్రకారం నేను బేరం ఆడలేదు. ఒక్క మాట మాట్లాడకుండా బయటికి నడిచాను. వాడు పిలవలేదు. దాన్ని శకునంగా తీసుకోవలసింది. బుద్ధిలేని దేశం అనుకున్నాను.

గేటు దగ్గర మా గైడు నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, చేటంత టోపీ, సత్రంలో అన్నం వడ్డించే ఆవిడలాంటి భుజాలు. మాతో పాటు ఒక జర్మను ముసలి జంట, ఇంకో నలుగురు. దారి దిగుడు, రాళ్లు జారతాయి, ఒకసారి దిగడం మొదలుపెడితే చివర సముద్రం దగ్గర పడవ తప్ప వేరే దారి లేదు, పడవ టికెట్లన్నీ తన దగ్గరే ఉంటాయి, అని చెప్పింది మరీనా. అందరం తలలూపాం. అప్పుడు జీపు వెనక నుంచి ఒక కట్ట ఊతకర్రలు తీసింది. కావాలంటే అద్దెకు తీసుకోవచ్చు, మోకాళ్లకు మంచిదంది. అద్దె చెప్పింది.

ఏమండీ, మీరే చెప్పండి. చుట్టూ అడవి. ఎటు చూసినా చెట్లు. చెట్టు అంటేనే కర్రలు. కర్రల మధ్య నిలబడి కర్రకు అద్దె అడిగే మనిషిని చూసి, స్టీలు సామాన్ల కొట్లో పుట్టినవాడు మాట్లాడకుండా ఎలా ఉంటాడు? ఇది బేరం కాదు, న్యాయం అడగడం, అని నాకు నేను చెప్పుకున్నాను.

"ఒక్క రోజుకి ఇంతా?" అన్నాను.

"ఒక్క రోజుకే," అంది.

"రెండు తీసుకుంటాం. రెంటికీ కలిపి ఒక మాట చెప్పండి."

"రెండయితే రెండింతలు."

విమల నా మోచేయి గిల్లింది. నేను గమనించనట్టు ఒక కర్ర తీసుకుని, వంకర చూసి, మొన చూసి, గీతలు పడ్డాయన్నాను. పడతాయి, ఇది కర్ర, అంది ఆవిడ. ఆమె మొహంలో కోపం లేదు, ఆశ లేదు, ఏమీ లేదు. సింగపూరు వంకాయ మీద అంటించిన చీటీ లాంటి మొహం.

"ధర ధరే," అంది.

ఇక నాకు మిగిలింది ఒకటే విద్య. కర్ర కట్టలో పెట్టేశాను. "పద విమలా, ఇంకోచోట చూద్దాం," అని గేటు దాటి నడిచాను.

ఇంకోచోట. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే ఎలాగో ఉంది. ఉన్నది ఒక్క చీలిక. దానికి ఉన్నది ఒక్క దారి. అందులో ఇంకో కొట్టు లేదు, చివరన సముద్రం ఉంది. కానీ నోటికి అలవాటైన మాట, కాళ్లకు అలవాటైన నడక. వెనక విమల అయిష్టంగా వస్తూ ఉంటుందని నా నమ్మకం. చూడకూడదు గనక చూడలేదు.

మొదటి మలుపు దగ్గర బూటు లేసు కట్టుకున్నాను. పిలుపు రాలేదు. రెండో మలుపు దగ్గర రెండో లేసు. రాలేదు. చదవడానికి పక్క కొట్టు బోర్డు లేదు గనక ఎదురుగా ఉన్న కొండనే పైనుంచి కిందికి, సరుకు నాణ్యం చూస్తున్నవాడిలా పరిశీలించాను. అంత ఆలస్యం ఊరికే చేస్తే అనుమానం వస్తుందని కెమెరా తీసి ఆ కొండను ఒక ఫోటో తీశాను. ఆ తరవాత నాకు ఇదే పద్ధతి కుదిరింది. ఆగాలనిపించినప్పుడల్లా ఫోటో. తెల్లని రాయి, బూడిదరంగు రాయి, రాతి మీద పొద, పొద కింద రాయి. ఆ గైడమ్మకు పిలవడానికి నేనిచ్చినన్ని అవకాశాలు మా నాన్న జీవితంలో ఏ గిరాకీ ఇచ్చి ఉండడు.

ఒకసారి వెనక నుంచి బూట్ల చప్పుడు వచ్చింది. నా గుండె పొంగింది. వస్తోంది, తగ్గించడానికే వస్తోంది, అనుకుని నడక నెమ్మది చేసి, మొహం నిర్లక్ష్యంగా పెట్టుకున్నాను. వచ్చింది జర్మను ముసలాయన, వెనకే ఆయన భార్య. ఇద్దరి చేతుల్లోనూ అద్దె కర్రలు.

"నువ్వు ఒక్కడివే నడుస్తున్నావేం?" అన్నాడు ఆయన.

"నా భార్య వెనకే ఉంది," అన్నాను.

ఆయన వెనక్కి చూశాడు. తీరిగ్గా చూశాడు. "లేదే," అన్నాడు.

చూశారా. నాటకంలో సగం పాత్ర ఆమెది. ఆమె రాకపోతే అది అలిగి వెళ్లడం కాదు, మతిపోయి వెళ్లడం అవుతుంది. అప్పుడైనా ఆగి ఉండవలసింది అంటారు మీరు. మా ఆవిడా అదే అంటుంది. కానీ ఆగితే ఓడినట్టు, చూస్తే ఓడినట్టు. ధర్మపక్షాన ఉన్నవాణ్ణి నేనెందుకు ఓడాలి? ఆ ముసలాయనకు, మా దేశంలో ఇలాగే నడుస్తామని చెప్పాను. ఆయన భార్యకు ఏదో జర్మనులో చెప్పాడు. ఆమె నా వైపు జాలిగా చూసి, ఒక ఎండు అంజూరు పండు ఇచ్చి వెళ్లిపోయింది. పులిహోర డబ్బా విమల సంచిలో ఉంది. ఆ రోజు నేను తిన్నది ఆ అంజూరు పండే.

దిగుడు దారిలో పొట్టి బూటు ఏం చేస్తుందో తెలుసా? ప్రతి అడుగుకూ కాలంతా ముందుకు జారి, వేళ్లన్నీ వెళ్లి గోడకు గుద్దుకుంటాయి. పండగ రోజు నరసరావుపేట బస్సులో ముందు తలుపు దగ్గర నిలబడ్డవాళ్ల పరిస్థితి నా బొటనవేళ్లది. టోవా పాయో అంకుల్ "కమ్ బ్యాక్ లా" అని ఎందుకంత తియ్యగా పిలిచాడో నాకు ఆ లోయలో అర్థమైంది. పిలిచినవాడి మీదా కోపం, పిలవనిదాని మీదా కోపం. మధ్యలో ఆ కొండల మీదా కోపం. మా మేనమామ చేతికిస్తే ఆ గోడలు రెంటినీ ఈపాటికి బట్టీలో వేసి, జిల్లా మొత్తానికి వెల్ల వేయించేవాడు.

అలా కుంటుతూ కుంటుతూ వెళ్లేసరికి, ఉన్నట్టుండి ఎండ ఆగిపోయింది. తల ఎత్తితే రెండు కొండలూ దగ్గరికి వచ్చేశాయి. క్యాలెండరులో చోటు. ఎవరూ లేరు. చల్లగా ఉంది. నేను మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపాను. కుడిచేతికి కొండ అందింది. ఎడంచేయి గాలిలో ఉంది. ఎంత సాగదీసినా అందలేదు. అటు జరిగి ఎడమది అందుకుంటే కుడిది పోయింది. ఒక్క మనిషికి అందదు అని విమల ఎప్పుడో చెప్పింది గదా, అప్పుడు నేను వినలేదు. నా మీద నాకు మొదటిసారి కాస్త, ఎక్కువ కాదు, కాస్త కోపం వచ్చింది.

సరే, ఇక్కడే ఆగుదామని నిర్ణయించాను. ఓడిపోవడం కాదండీ, ఫోటో కోసం. అయితే వెనక వచ్చేవాళ్లు ఆ చోటు ఆక్రమిస్తే? సింగపూరులో హాకర్ సెంటరుకు, అంటే తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే షెడ్డుకు వెళ్తే అన్నం తెచ్చుకునే ముందు బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి వెళ్తాం. దాన్ని చోప్ చేయడం అంటారు. ప్యాకెట్టు ఉన్న బల్లను ఎంత ఆకలి మీద ఉన్నవాడైనా ముట్టుకోడు. నేను జేబులోంచి ప్యాకెట్టు తీసి, ఇరుకు నడిమధ్యన ఒక రాతి మీద పెట్టి, చోప్ చేసి, ఒక బండ చాటున కూర్చున్నాను. వాళ్లు రాగానే అప్పుడే లేచినట్టు, ఎవరి కోసమూ ఆగనట్టు బయటికి రావాలని నా ఆలోచన.

కొండమేక ఒకటి వచ్చింది. గడ్డం ఉన్నది, కొమ్ములు వెనక్కి తిరిగినది. నా వైపు ఒకసారి చూసి, టిష్యూ ప్యాకెట్టును ప్లాస్టిక్ కాగితంతో సహా నమిలి మింగింది. సింగపూరు నాగరికతకు అక్కడితో హద్దు.

అప్పుడు నవ్వులు వినిపించాయి. విమల, మరీనా పక్కపక్కన నడుచుకుంటూ వస్తున్నారు. విమల చేతిలో అద్దె కర్ర. మరీనా చేతిలో మా పులిహోర డబ్బా, ఖాళీది. వేళ్లు నాకుతోంది ఆవిడ. విమలను అంత తీరిగ్గా, అంత సంతోషంగా నేను సింగపూరులో చూడలేదు. లిఫ్టు తలుపుల మధ్య అంత సంతోషం పట్టదు. బండ చాటున ఇంకా ముడుచుకున్నాను.

విమల ఇరుకు మధ్యలో ఆగి, కొండలను చూస్తూ, ఎవరితోనూ కానట్టు తెలుగులో అంది: "ఆ బండ వెనక కూర్చున్నాయన కెమెరా పట్టుకుని ఇటు వస్తే బాగుంటుంది."

లేసు కట్టుకుంటూ బయటికి వచ్చాను. ఆమె తిట్టలేదు. అందుకే భయం వేసింది. ముందు మరీనాతో కలిపి తనకు ఒకటి తీయమంది, దారంతా తోడు నడిచింది గనక. తరవాత మనిద్దరిదీ ఆ జర్మను పెద్దాయన తీస్తాడంది. ఆయన భార్యతో కలిసి ఇరుకు దాటి కాస్త ముందు కూర్చుని యాపిల్ కోసుకుంటున్నాడు. విమల, మరీనా చేతులు పట్టుకున్నారు, చాపారు, కొండలు ముట్టుకున్నారు, నవ్వారు. నొక్కాను.

కెమెరా గుర్రుమంది.

ఆ కాలపు కెమెరాలు వాడినవాళ్లకు ఆ చప్పుడు తెలుసు. రీలు అయిపోయి తనంతట తాను వెనక్కి చుట్టుకునే చప్పుడు. ఆ ఇరుకులో అది రెండు కొండల మధ్యా తిరిగి, పిండిమర పెట్టినట్టు వినిపించింది. పొద్దుటి నుంచి తీసిన రాళ్లన్నీ, పొదలన్నీ, నా ఎదురుచూపులన్నీ లోపల వరసగా చుట్టుకుంటున్నాయి. విమల నవ్వు ఆగింది. కెమెరా వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ చూపు ముందు ఒక్క క్షణం నాకు ఎవరి మీదా కోపం దొరకలేదు.

తరవాత ఆమె వచ్చి నా చేయి పట్టుకుని లాగింది. మధ్యలో నిలబడ్డాం. ఆమె అటు చాపింది, నేను ఇటు చాపాను. అందింది. రాయి చల్లగా, గరుకుగా ఉంది. జర్మను పెద్దాయన గంభీరంగా ఖాళీ కెమెరా ఎత్తి, ఒక కన్ను మూసి, నోటితో టక్కుమని చప్పుడు చేశాడు. నా జీవితంలో దిగిన మంచి ఫోటో అదే. దాన్ని ఎవరికీ చూపించలేను.

అక్కడి నుంచి సముద్రం దాకా ఇంకా దూరం ఉంది. నా వేళ్లు ఒప్పుకోలేదు. మరీనా వీపు మీద మిగిలిన కర్ర ఒకటి కనిపించింది. చెయ్యి చాపాను. ఆవిడ అద్దె చెప్పింది. పొద్దున చెప్పినదే. రోజు అద్దె. రోజులో మిగిలింది కాస్తే గదా అనడానికి నోరు తెరిచాను. విమల నన్ను చూసింది. నోరు మూసి, జేబు తెరిచాను.

"ధర ధరే," అని నేనే అన్నాను. మరీనా నా భుజం తట్టింది. అది నాకింకా ఒళ్లు మండిస్తుంది.

పడవలో బూట్లు విప్పుకుని, నల్లబడ్డ గోళ్లు చూసుకుంటూ ఇక ఉండబట్టలేక అడిగేశాను. "నేను వెళ్లిపోతుంటే ఆవిడ ఎందుకు పిలవలేదు?"

"పిలవబోయింది. నేనే వద్దన్నాను," అంది విమల.

"ఎందుకూ?"

"పిలిస్తే తగ్గించాలిగా. మీరేగా నేర్పారు." సముద్రం వైపు చూస్తూ ఇంకో మాట అంది. "అయినా ఒక్కసారి తిరిగి చూస్తారేమో అనుకున్నాను. చూస్తే పరిగెత్తుకొచ్చేదాన్ని."

నేను నల్లబడ్డ గోళ్లను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాను.

మొన్న ఖలీల్ భాయి మళ్లీ ఆ ఫోటో ముందు నిలబడ్డాడు. మళ్లీ అడిగాడు. ఈసారి నేనే ముందుకొచ్చి, చాయ్ కప్పు కింద పెట్టి, కుడిచేయి ఎత్తి ఆయన సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ బేరంలోనూ, ఏ దేశంలోనూ, ధర్మం ఎంత నా వైపున ఉన్నా, విమలను వెనక వదిలి ముందుకు నడవను. నడిచినా తల తిప్పి చూస్తాను.

"ఎన్నాళ్ల దాకా?" అంది విమల వంటింటి గుమ్మంలోంచి.

"అయిదేళ్లు," అన్నాను.

"జన్మంతా."

"పోనీ పదేళ్లు. రెండు మాటలూ కలిపి ఒక మాట చెప్పు."

ఆమె చేతిలో తువ్వాలు భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి, వంటింట్లోకి నడిచింది. వెనక్కి చూడలేదు. గుమ్మం దగ్గర ఆగి కొంగు సర్దుకుంది.

ఖలీల్ భాయి నా మొహం చూస్తున్నాడు. నేను ఆమె కాళ్లు చూస్తున్నాను.

పిలిచాను.